బంతి రాని గోల్‌పోస్టు

ఫిజికల్ డైరెక్టర్ అంటే ఈలేసే మనిషి అనుకుంటారు చాలామంది. పంద్రాగస్టుకి పిల్లల్ని వరసలో నిలబెట్టేవాడు, స్పోర్ట్స్ డేకి సున్నంతో గీతలు గీయించేవాడు, మిగతా ఏడాదంతా స్టోర్‌రూమ్ తాళంచెవి జేబులో వేసుకుని నీడలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. పైగా కుర్చీ బాగుందనుకున్నాను.

మదీనాగూడ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏడేళ్లు పీడీగా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. నా పేరు యాదగిరి. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఒకరిద్దరు ఇంటికొచ్చి, "సార్, అసలు పని ఏంది మనది?" అని అడిగారు. అప్పుడు టీ ఇచ్చి పంపేశాను. సరైన జవాబు చెప్పలేదని తర్వాత మనసు పీకింది. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు పని ఒక్కటే. మన పిల్లలు ఎవరితో ఆడాలో తేల్చడం. దాన్ని ఫిక్చర్ అంటాం. ఏ రోజు, ఏ గ్రౌండులో, ఏ కాలేజీతో మ్యాచ్ అనేది రాసుకున్న ఒక కాగితం అది. ఆట నేర్పడం కోచ్‌కి వస్తుంది, యూట్యూబ్‌కి కూడా వస్తుంది. ఆ కాగితం మాత్రం మన చేతిలో ఉంటుంది. ఇరవై ఏడేళ్లలో నేను చేసిన మంచీ చెడూ అంతా ఆ కాగితం మీదే చేశాను.

ఉద్యోగం పోయినా తెల్లవారకముందే మెలకువ రావడం పోలేదు. శేరిలింగంపల్లిలో మా డాబా మీదికెక్కి నిలబడతాను. చుట్టూ అద్దాల బిల్డింగులు. సగం నిద్రలో చూస్తుంటే అవి ఒక్కొక్కటీ మెల్లగా పక్కకి తప్పుకున్నట్టుంటుంది. వెనక నుంచి రాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య మా ఎర్రమట్టి గ్రౌండు బయటికొస్తాయి. పిల్లలు కనిపించరు గాని అరుపులు వినిపిస్తాయి. మా ఆవిడ కింది నుంచి "టీ చల్లారిపోతుంది" అని పిలిచేదాకా అక్కడే ఉంటాను.

మంచులో మొదటి మ్యాచ్

నేను చేరిన రెండో ఏడు, ఒక పొద్దున స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట చిన్న బొట్టు, మెడలో ఈల.

"నా పేరు భాస్కరరావండి. బాచుపల్లిలో ఇంజనీరింగ్ కాలేజీ పీడీనండి. మీకు ఫుట్‌బాల్ టీం ఉందట కదండి?"

"ఉంది సార్. గాని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నరు."

"మావాళ్లు నేర్చేసుకున్నారండి. అందుకే వచ్చాను. నేర్చుకున్నాక ఓడించడానికి ఎవరో ఒకరు కావాలి కదండి!"

కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. ఆయనది భీమవరం వైపు. మాటలో మర్యాద, ఆ మర్యాద లోపల చురక. ఫిబ్రవరి మొదటివారంలో మా గ్రౌండులోనే మ్యాచ్ అనుకున్నాం. పొద్దున ఆరున్నరకి మొదలు, ఎండెక్కకముందే అయిపోవాలి.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, ఇటు గోల్‌పోస్టు దగ్గర నిలబడితే అటుది కనిపించలేదు. మంచులోంచి బాచుపల్లి పిల్లలు పసుపు చొక్కాలతో బయటికొచ్చేవాళ్లు, గోల్ కొట్టి మళ్లీ మంచులోకి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పటికీ ఆ మ్యాచ్ జరిగిందా, నేను కలగన్నానా అనిపిస్తుంది. ఐదు గోల్స్ తిన్నామన్నది మాత్రం కల కాదు.

మ్యాచ్ అయ్యాక భాస్కరరావు గారు బస్సులోంచి స్టీలు డబ్బాలు దింపించారు. ఇడ్లీ, అల్లం చట్నీ, సాంబారు. మా పిల్లలు కూర్చోబోతే ఆపేశారు.

"ఆగండి బాబూ. ఓడినవాళ్లు వడ్డించాలి, గెలిచినవాళ్లు తినాలి. ఆ తర్వాత అందరం కలిసి తిందాం. వచ్చే ఏడు మీరు ముందు కూర్చుందురుగాని."

మావాళ్ల ముఖాలు చూడాలి! కెప్టెన్ కుర్రాడు పళ్లు కొరుకుతూ సాంబారు పోశాడు. "ఇంకో గరిటె" అని బాచుపల్లి వాళ్లు వేళాకోళం చేశారు. ఆ గరిటె మావాళ్లని ఏడాదంతా నిద్రపోనివ్వలేదు. నేను పిలవకుండానే పొద్దున ఐదున్నరకి గ్రౌండుకి వచ్చేవాళ్లు.

అప్పటి నుంచి ప్రతి ఫిబ్రవరిలో ఆ మ్యాచ్ ఉండేది, ఒక ఏడు మా దగ్గర, ఒక ఏడు వాళ్ల దగ్గర. మావాళ్లు వాళ్లని బాచుపల్లి బచ్చాగాళ్లు అనేవాళ్లు, వాళ్లు మమ్మల్ని హైవేగాళ్లు అనేవాళ్లు. డప్పులు, ఈలలు, గొంతులు పోయేదాకా అరుపులు. రెండో ఏడు మూడు ఒకటితో ఓడాం. మూడో ఏడు సమానం. ఆ ఏడు ఎవరు వడ్డించాలన్నది పెద్ద తగువైతే భాస్కరరావు గారూ నేనూ కలిసి వడ్డించాం. నాలుగో ఏడు గెలిచాం. ఆయన చొక్కా చేతులు మడిచి మా గోల్‌కీపర్ పళ్లెంలో ఇడ్లీ మీద ఇడ్లీ వేస్తూ, "తిను బాబూ, బాగా తిను. ఇవాళ ఇన్ని తింటేనే కదా వచ్చే ఏడు ఎగరలేవు!" అన్నారు.

తిన్నాక ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లేవారు. "మీ లెఫ్ట్ బ్యాక్ కుర్రాడు బంతిని చూస్తున్నాడండి, మనిషిని చూడట్లేదు. అందుకే మేం అటునుంచే వచ్చాం. వచ్చే ఏడూ అలాగే ఉంచితే మళ్లీ అటునుంచే వస్తామండి." సొంత స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ నాకు అంత నిజం చెప్పలేదు. మన తప్పు మన మిత్రుడికి కనిపించినా నోరు మెదపడు. ఎదుటివాడికి దాంతోనే పని కాబట్టి ముందు వాడికే కనిపిస్తుంది. వాడు పెద్దమనిషైతే చెప్తాడు కూడా.

యూనివర్సిటీ టీం కోచ్ కూడా ఆ మ్యాచ్‌కి వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. సెలక్షన్స్ ఎప్పుడో వేసవిలో జరిగినా, ఆయన మనసులో సగం టీం ఆ పొద్దునే ఖాయమయ్యేదని అందరికీ తెలుసు.

సెక్రటరీ సార్ ఫ్లెక్సీ

మా కాలేజీ సెక్రటరీ చెడ్డమనిషి కాదు. నా జీతం ఆపలేదు, బంతులు అడిగితే లేదనలేదు. అయితే ఆయనకి ప్రపంచమంతా అడ్మిషన్ల కాలమే. చుట్టుపక్కల వర్షాకాలం పుట్టగొడుగుల్లా కాలేజీలు వస్తున్న రోజులవి. ముంబై హైవే మీద ఫ్లెక్సీల యుద్ధం. ఒక ఏడు మా టీం వరసగా అన్నీ గెలిచి, ఆఖర్న బాచుపల్లితో ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆయన నన్ను పిలిచాడు.

"యాదగిరీ, ఏడాదంతా గెలుస్తున్నం. ఈ ఒక్క మ్యాచ్ ఓడేసరికి ‘ఓటమి ఎరుగని జట్టు’ అని రాయరాకుండ అయితుంది. ఇడ్లీలు వడ్డించే ఫోటో ఫ్లెక్సీ మీద వెయ్యలేం గదా. ఆ మ్యాచ్ అవసరమా?"

వద్దని చెప్పలేదు. అవసరమా అని అడిగాడు, అంతే. పెద్దవాళ్లు అలాగే అడుగుతారు. జవాబు మనమే కనిపెట్టుకుని, మన సొంత ఆలోచనలా చెప్పాలి. నేను చెప్పాను. "అవసరం లేదు సార్" అన్నాను.

భాస్కరరావు గారికి ఫోన్ చేసి గ్రౌండు చదును చేయిస్తున్నామని చెప్పాను. "మా గ్రౌండు ఉందిగా అండి?" అన్నారు. "పిల్లలకు ల్యాబులున్నయి సార్, అంత దూరం రాలేరు" అన్నాను. మదీనాగూడ నుంచి బాచుపల్లి ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. ఆయన రెట్టించలేదు. "మీరెప్పుడంటే అప్పుడేనండి. మావాళ్లు తయారుగానే ఉంటారు" అన్నారు.

ఇక ఫిక్చర్ అంతా కొత్త కాలేజీలతో నింపాను. పదకొండుమందిని పోగు చెయ్యడమే కష్టమైన కాలేజీలు. సగంమందికి బూట్లు లేవు. తొమ్మిది సున్నా, పదకొండు సున్నా, ఇలా గెలిచాం. ఒకసారి ఎదుటి టీం పీడీ మేడం, కొత్తగా ఉద్యోగంలో చేరినావిడ, మ్యాచ్ తర్వాత నా దగ్గరికొచ్చింది.

"సార్, మిమ్మల్నొకటి అడగొచ్చా? మమ్మల్నే ఎందుకు పిలుస్తున్నరు?"

"కొత్త కాలేజీలను ప్రోత్సహించాలె గదమ్మా."

"మా పిల్లలు రేపటి నుంచి ఫుట్‌బాల్ ఆడం అంటున్నరు సార్" అంది.

ఆవిడ ముఖం చూడలేక బూటు లేసు కట్టుకున్నాను. బలహీనులతో ఆడించి గెలిస్తే ఎవరికీ నష్టం లేదనుకుంటాం. ఆ పూట ఆ కాలేజీలో ఆట చచ్చిపోయింది, చంపింది నేను.

నిజం దాచను, అప్పుడు నాకు బాగానే ఉండేది. ఫ్లెక్సీ మీద నా ఫోటో కూడా వేశారు. బస్సులో పోతూ దాన్ని చూడడానికని రోజూ కిటికీ పక్కన కూర్చునేవాణ్ని. గెలుపు అలవాటైతే మత్తుగా ఉంటుంది. పొద్దున లేచేసరికి గెలిచే ఉంటాం, సాయంత్రానికి మళ్లీ గెలుస్తాం, మధ్యలో ఏం జరిగిందో గుర్తుండదు. ఆ రెండేళ్లలో ఒక్క మ్యాచ్ కూడా నాకు ఇప్పుడు కళ్లకి కట్టదు. మంచులో ఐదు గోల్స్ తిన్న పొద్దు మాత్రం పూస గుచ్చినట్టు గుర్తుంది.

నిద్రొచ్చే గోల్‌కీపర్

ఆ రెండేళ్లూ మా గోల్‌కీపర్ మల్లేశ్. నల్లగండ్ల పిల్లవాడు. తండ్రి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. నడుం దెబ్బతిని, ఎక్కువకాలం స్టీరింగ్ పట్టలేనని ఇంట్లో చెప్పేశాడు. మల్లేశ్‌కి చదువు అంతంత మాత్రం. నాలుగు సబ్జెక్టులు వెనక పడి ఉన్నాయి. వాడికి ఒకే దారి కనిపించింది. యూనివర్సిటీ టీంకి ఆడితే స్పోర్ట్స్ కోటాలో సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంగతి నాకు వాడే చెప్పాడు, వాళ్ల నాన్నని తీసుకొచ్చి మరీ చెప్పించాడు. "మీదే భారం సార్" అని ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

వాడి చేతులు దేవుడు ప్రత్యేకంగా చేశాడు. రెండో ఏడాది చదువుతుండగా, బాచుపల్లితో ఆడిన ఆఖరి మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు గోల్‌లో నిలబడ్డాడు. వాళ్లు బాదిన బాదుడికి మూడు ఆపి ఒకటి వదిలాడు. ఆ ఒక్కదానికి ఏడ్చాడు. ఏడుస్తూనే ఇడ్లీలు వడ్డించాడు. వీడు నిలబడతాడని అప్పుడే అనుకున్నాను.

తర్వాత రెండేళ్లు వాడు నిలబడ్డాడు, అంతే. తొమ్మిది సున్నా మ్యాచ్‌లో గోల్‌కీపర్‌కి ఏం పని? ఆట అంతా అవతలి గోల్ దగ్గరే. మల్లేశ్ ఇటు ఒంటరిగా పోస్టుకి ఆనుకుని, గ్రౌండు అవతల లేస్తున్న బిల్డింగుల క్రేన్లు తిరగడం చూసేవాడు. ఒక్కోసారి వాణ్ని చూస్తే నాకూ కళ్లు మూతలు పడేవి. ఎండ, దూరంగా కేకలు, ఆ క్రేన్లు మెల్లగా అటూ ఇటూ. ఎవరో జోకొట్టినట్టుండేది.

ఆఖరి ఏడు జనవరిలో నా రూముకి వచ్చాడు.

"సార్, ఒక మాట. మీరు కోపం చెయ్యొద్దు."

"చెప్పరా."

"నిలవడి నిలవడి నిద్రొస్తుంది సార్. నిన్నటి మ్యాచుల బాల్ నా దాకా రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మనోళ్లే ఎనకకు ఇచ్చిన్రు."

నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు.

"బాచుపల్లితోని మ్యాచ్ పెట్టరాదు సార్? వేసవిల సెలక్షన్స్ ఉన్నయి. గట్టిగ కొట్టేటోళ్లు ఎట్ల కొడ్తరో మర్చిపోయిన. జర చూడుండ్రి సార్."

"పరీక్షలున్నయిరా ఫిబ్రవరిల. వాళ్లకు గూడ చెప్పిన."

వాడు నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "మంచిది సార్" అని వెళ్లిపోయాడు. ఇరవై ఏడేళ్లలో నాతో ఎంతోమంది గొడవపడ్డారు, అరిచారు, తలుపులు విసిరారు. అవేవీ గుర్తులేవు. ఆ "మంచిది సార్" ఇంకా వినిపిస్తుంది.

ఆ రోజు నేను ఫోన్ తీసి భాస్కరరావు గారికి ఒక్కమాట చెప్తే సరిపోయేది. నంబరు నోటికి రాదు గాని డైరీ ముందే ఉంది. తియ్యలేదు. అప్పటికి కొత్త ఫ్లెక్సీ అచ్చుకి వెళ్లింది.

సెలక్షన్స్ రోజు

మల్లేశ్ పేరు పక్కన "రెండేళ్లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు" అని నేనే రాసి పంపాను. ఆ మాట రాస్తూ పొంగిపోయాను. గోల్‌కీపర్ ఎన్ని తిన్నాడని మాత్రమే లెక్క చూసుకున్నాను. ఎన్ని ఎదుర్కొన్నాడని చూడలేదు. పీడీ చెయ్యగలిగిన తప్పుల్లో ఇది పెద్దది, ఎందుకంటే కాగితం మీద ఇది ఘనతలా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకున్నా నాకు చాలు.

సెలక్షన్స్‌లో వాడికెదురుగా బంతి కొట్టినవాళ్లు బాచుపల్లి పిల్లలు. మొదటి బంతి వచ్చింది. మల్లేశ్ కదిలాడు, కాని అర అడుగు ఆలస్యంగా. నిద్రలేచిన మనిషి చెంబు అందుకున్నట్టు. రెండోది వాడి వేళ్లకి తగిలి లోపలికి పోయింది. మూడోదానికి తొందరపడి ముందుకొచ్చాడు, తల మీదుగా వేశారు. వాడి చేతులు అవే. కళ్లే వెనకపడ్డాయి. గట్టి దెబ్బకి ఒళ్లు ఎలా సిద్ధం కావాలో రెండేళ్లలో మర్చిపోయింది. ఐదు గోల్స్ అయ్యాక కోచ్ ఈల వేసి, "నెక్స్ట్" అన్నాడు. వాడి వయసే ఉన్న బాచుపల్లి గోల్‌కీపర్‌ని తీసుకున్నారు.

భాస్కరరావు గారు గట్టు మీదే ఉన్నారు. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే తేలికగా ఉండేది. "పిల్లవాడి చేతులు బాగున్నాయండి. అలవాటు తప్పిందంతే" అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు.

తిరుగు బస్సులో మల్లేశ్ నా పక్కన కూర్చున్నాడు. మియాపూర్‌లో దిగేముందు, "మీరు పరేషాన్ గాకుండ్రి సార్" అన్నాడు. వాడు నన్ను ఓదార్చాడు! అంతకంటే నన్ను చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. సిగ్గేసింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాతి ఏడు నేను సెక్రటరీ సార్ దగ్గరికి వెళ్లాను. ఉద్యోగం పోతే పోనీ అనుకునే వెళ్లాను. "బాచుపల్లి మ్యాచ్ పెడుతున్నా సార్. ఓడితే ఓడుతం" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "సరే పెట్టు" అన్నాడు. మళ్లీ ఫైల్లోకి తల వంచాడు. అంతే. ఆ రెండు మాటల కోసం రెండేళ్లు భయపడ్డాను. బాస్‌లు మనం అనుకున్నంత గట్టివాళ్లు కారు. మనం అడగకపోవడమే వాళ్ల బలం.

తిట్టుకోవడం మర్చిపోయిన పిల్లలు

మ్యాచ్ పెట్టాను గాని ఆ పాత పోటీ తిరిగి రాలేదు. భాస్కరరావు గారు సెలక్షన్స్ అయిన మే నెలలోనే రిటైరై భీమవరం వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చిన కుర్రాడు మంచివాడే, మా మ్యాచ్ గురించి ఎప్పుడూ వినలేదు. మా పాత పిల్లలు చదువులైపోయి వెళ్లారు. కొత్తవాళ్లని పిలిచి "ఫిబ్రవరిల బాచుపల్లితోని ఆట" అంటే, "అదెక్కడుంది సార్?" అని ఒకడు ఫోన్ తీసి చూశాడు.

మ్యాచ్ బ్రహ్మాండంగా, మర్యాదగా జరిగింది. ఎవరూ అరవలేదు. డప్పుల్లేవు. గోల్ పడితే రెండు వైపులా చప్పట్లు. అయ్యాక రెండు టీంలూ భుజాల మీద చేతులు వేసుకుని సెల్ఫీలు దిగాయి. ఇడ్లీలు తెప్పించి, ఓడినవాళ్లు వడ్డించాలని చెప్తే, "సెల్ఫ్ సర్వీస్ పెడదాం సార్, తొందరగా అయిపోతుంది" అన్నారు. తలో పళ్లెం పట్టుకుని బస్సెక్కేశారు. నేను గ్రౌండులో నిలబడి చుట్టూ చూశాను. అన్నీ ఉన్నాయి, గోల్‌పోస్టులు, గీతలు, పసుపు చొక్కాలు. అయినా ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోయినట్టుంది.

పోటీ అనేది శత్రుత్వం అని చాలామంది పెద్దలు భయపడతారు. నన్నడిగితే అది ఒక రకం చుట్టరికం. ఏడాదికోసారైనా రాకపోకలుంటేనే నిలుస్తుంది. రెండేళ్లు గుమ్మం తొక్కకపోతే మూడో ఏడు పలకరింపులే మిగులుతాయి. కట్టడానికి మాకు పదిహేనేళ్లు పట్టింది. కూల్చడానికి రెండు అబద్ధపు ఫోన్లు సరిపోయాయి. నాలుగేళ్లు లాగి, పిల్లలే రావడం మానేస్తే వదిలేశాను. ఆ తర్వాత గ్రౌండులో సగం కొత్త బ్లాకుకి పోయింది.

మళ్లీ ఒక కాగితం

రిటైరయ్యాక ఒక పొద్దున ఫోన్ వచ్చింది. "సార్, నేను మల్లేశ్‌ని. గోల్‌కీపర్ మల్లేశ్." ఇన్నేళ్లలో వాడు ఒకటి రెండు పండగలకి మెసేజ్ పెట్టాడు, నేను దండం బొమ్మ పెట్టాను. అంతకుమించి మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది. సబ్జెక్టులు పూర్తి చెయ్యడానికి మూడేళ్లు పట్టిందని, ఆ మూడేళ్లూ నాన్న క్యాబ్ వాడే నడిపాడని మాత్రం వేరేవాళ్ల ద్వారా విన్నాను.

ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నాడు. చుట్టుపక్కల కంపెనీల టీంలన్నీ కలిసి శనివారం పొద్దుటి పూట ఆడుకునే లీగ్ ఒకటి మొదలుపెట్టారట. "ఫిక్చర్ వెయ్యనీకి మా దగ్గర ఎవ్వరికీ చేతనైత లేదు సార్. మీరు రావాలె" అన్నాడు.

వెళ్లాను. రెండు అద్దాల బిల్డింగుల మధ్య, చుట్టూ వల కట్టిన చిన్న గ్రౌండు. పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. ఎండ ఒక అద్దం మీద పడి రెండోదాని మీదికి, అక్కడి నుంచి గడ్డి మీదికి వస్తోంది. నీళ్ల అడుగున నడుస్తున్నట్టుంది. మల్లేశ్‌కి కాస్త పొట్ట వచ్చింది. చేతులు మాత్రం అవే. కుర్చీ వేసి, టీ తెప్పించి, టీంల పేర్లు రాసిన కాగితం నా ముందు పెట్టాడు.

పెన్ను తీసి మళ్లీ కాగితం మీద పెట్టేశాను.

"మల్లేశ్, నీకొకటి చెప్పాలెరా. ఆ ఏడు బాచుపల్లి మ్యాచ్‌కు పరీక్షలు అడ్డం అన్న గదా. పరీక్షలు లేవు. నేనే వద్దనుకున్న. ఫ్లెక్సీ కోసం."

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎరుకే సార్."

"ఎట్ల ఎరుక?"

"ఫిబ్రవరిల పరీక్షలు లేవని మాకు తెల్వదా సార్? మీ రూంల నుంచి ఎల్లి సీదా బాచుపల్లి వోయిన ఆ రోజు. భాస్కరరావు సార్‌ను అడిగిన, పొద్దున పూట వచ్చి మీవోళ్ల షాట్లు ఆపుత సార్, ఒక నెల రానియ్యుండ్రి అని. ఆయన మస్తుసేపు ఆలోచన చేసిండు. ‘మీ సార్ పరీక్షలున్నాయన్నారు బాబూ. నిన్ను ఇక్కడ ఆడిస్తే ఆయన అబద్ధం చెప్పారని నేనన్నట్టవుతుంది. ఆయనతో ఒక్కమాట చెప్పించు, రేపటి నుంచి రా’ అన్నడు."

"మరి నాకెందుకు చెప్పలేదురా? అడిగితే నేను..." అని ఆగిపోయాను. అడిగితే నేనేం చేసేవాణ్నో నాకే తెలియదు.

"ఎట్ల అడగాలె సార్? అడిగితే మీరు అబద్ధమాడిన్రని మీ ముఖం మీదనే అన్నట్టైతది. సార్‌ను పట్టుకొని గట్ల అంటమా?"

ఒక అబద్ధం నాది. దాని మర్యాద కాపాడడానికి ఇద్దరు మనుషులు, ఒక పెద్దాయన, ఒక పిల్లవాడు, తమ వంతు తాము నోరు మూసుకున్నారు. వాడి ఉద్యోగం ఆ మర్యాద కింద నలిగిపోయింది. పెద్దల మాటకి ఎదురు చెప్పొద్దని గ్రౌండులో నిలబెట్టి పిల్లలకి రోజూ చెప్పింది నేనే. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మల్లేశ్ లేచి వెళ్లి వల దగ్గర నిలబడ్డాడు, నేను తుడుచుకునేదాకా అటే చూస్తూ ఉన్నాడు. క్షమించావా అని అడగలేదు. అడిగితే క్షమించానంటాడు. వాడు అంతకంటే ఏమీ అనలేడని తెలిసి అడగడం మళ్లీ మోసమే.

వాడు తిరిగొచ్చాక, "టీంలల్ల గట్టిది ఏది?" అని అడిగాను.

"గీ మూడోది సార్. అందులో ఇద్దరు స్టేట్‌కు ఆడినోళ్లు. అందరూ వాళ్లతోని మొదటి మ్యాచ్ వద్దంటున్నరు."

వాడి టీం పేరుకి ఎదురుగా ఆ మూడో పేరు రాసి, మొదటి శనివారం అని పెట్టి, కాగితం వాడి వైపు తిప్పాను. మల్లేశ్ రెండు పేర్లూ చదివాడు. తర్వాత నవ్వాడు.

"ఓడిపోతం సార్."

"ఓడిపోండ్రి," అన్నాను.